ఓబుళమ్మకు బస్సులో చెప్పిన అమెరికా పాఠం

నవ్వేవాళ్ళు ముందే నవ్వేసుకోండప్పా. నడాన నవ్వితే నాకు కోపమొస్తాది, చెప్పడం ఆపేస్తా. మొన్న సోమవారం జమ్మలమడుగు కోర్టులో కేసు గెలిచినా. గెలిచినోడు ముఖం ఇట్ల పెట్టుకోని కూచుంటాడా అనే కదా మీరు చూస్తాండేది? మన ప్రొద్దుటూరు బార్ రూములో ఇప్పటికే దీన్ని నాలుగు రకాలుగా చెప్పుకుంటాండారు. అసలు సంగతి నా నోటితోనే వినండి. టీ చల్లారిపోతే ఇంకొకటి చెప్తాలే.

ఓబుళమ్మ అని నా క్లయింటు. అరవై దాటింది, మొగుడు పోయి శానా ఏండ్లయింది, ఒక్కతే సేద్యం చేయించుకుంటాది. ఆమె చేనికి పోయే బండ్ల దోవ పక్క చేను వెంకటసుబ్బయ్య గట్టెంబడి పోతాది. పోయిన ఉగాదికి ఆయప్ప ఆ దోవకు అడ్డంగా ముండ్ల కంప కొట్టినాడు. ఈడ దోవ ఎప్పుడూ లేదు, ఇదంతా నాదే అన్నాడు. కేసు వేసినాం. ఇప్పుడేమో ఆమె శనక్కాయ పీకించి చేన్లోనే కుప్పగా వామి వేసుకోనుండాది. ఇంటికి తోలుకుందామంటే బండి పోయేదానికి దోవ లేదు. పైన చూస్తే మబ్బు. ఒక్క వాన పడిందంటే వామిలోనే కాయ మొలకెత్తుతాది, యాడాది కష్టమంతా మట్టిపాలు. ఆమెకు ఉండేదంతా ఆ వామే.

బుధవారం పొద్దున ఆమె సాక్ష్యం. సరిగ్గా ఆ బుధవారమే అమెరికాలో ఓట్లు లెక్కపెడతాండారు!

నా పిచ్చి మీకు తెలియంది కాదు. మద్రాసు లా కాలేజీలో అమెరికా రాజ్యాంగం చదివినప్పుడు పట్టుకునింది, ఇంతవరకూ వదల్లేదు. "మీకు ఆడ ఓటేమన్నా ఉందా?" అని మా ఇంటామె అడుగుతానే ఉంటాది. ఆ పొద్దున కూడా రేడియోకు చెవి ఆనించి కూచున్నా. నిలబడినోళ్ళిద్దరు. ఒకాయన కుర్రోడు, ఇంకొకాయన ఎనిమిదేండ్లు ఉపాధ్యక్షుడిగా చేసినాయన. కుర్రోడు ముందుండాడు. లేదు, ఆయన అందుకుంటాండాడు. లేదు లేదు, మళ్ళీ కుర్రోడే! ఇంతలో రేడియో టక్కుమని ఆగిపోయింది. చూస్తే మా ఇంటామె, చెయ్యి ఇంకా మీట మీదే ఉండాది. "ఆ ముసలామె వాకిట్లో గంటసేపటి నుంచి నిలబడుకోనుండాది. బస్సు పోతాది, లేయండి!" అనింది.

కోటు చేతిలో పట్టుకోని పరిగెత్తినా. నా వెనకాలే ఓబుళమ్మ, చంకలో సద్దిమూట.

ఈడ ఒక మాట చెప్పాల. సాక్షిని బోనెక్కించే ముందు ఏ ప్లీడరైనా కూచోబెట్టి తేదీలూ గుర్తులూ ఒకసారి వల్లె వేయిస్తాడు. ఆఫీసులో తీరిక ఉండదు. కోర్టు కాడికి పోతే చెట్టు చెట్టు కిందా అవతలి పార్టీవాళ్ళ చెవులే. అందుకని మనలో సగం మందికి బస్సే బడి. ఈ సంగతి క్లయింట్లకూ తెలుసు. బస్సులో ప్లీడరు నోరు తెరిచినాడంటే అది కేసు గురించే, ఒక్క ముక్క పోకుండా కంఠతా పట్టాల్సిందే.

ఆ పొద్దున నేను నోరు తెరిచినా. కానీ లోపల రేడియో ఇంకా ఆగలేదే!

"చూడమ్మా, ఆ దేశంలో ఓట్లు ఎక్కువొచ్చినంత మాత్రాన సాలదు. రాష్ట్రానికి ఇంతమందని పెద్దమనుషులుంటారు, వాళ్ళు ఎటుంటే గెలుపు అటు" అన్నా. ఓబుళమ్మ తలూపింది. ఆమె తలూపింది కదా అని నాకు హుషారొచ్చింది. నిలబడినోళ్ళిద్దరూ టెలివిజన్లో ఎదురెదురుగా వాదించుకున్నది చెప్పినా. టెలివిజనంటే రేడియో మాదిరే గానీ దాంట్లో మనిషి కూడా కనపడతాడని చెప్పినా. "రేడియోలో విన్నోళ్ళు ఇద్దరూ సమానమే అన్నారంట. చూసినోళ్ళు మాత్రం చెమట పోసినోడు ఓడిపోయినాడన్నారంట. అదమ్మా లోకం! ఎదుటోడి ముఖంలోకి సూటిగా చూసి నిదానంగా మాట్లాడినోడిదే గెలుపు!" అన్నా. ఓడినోడు గెలిచినోడికి తంతి కొట్టి మెచ్చుకుంటాడని, మన కాడ అయితే అప్పీలుకు పోతాడని కూడా చెప్పినా. పక్క సీటోళ్ళు నవ్వినారు. నడాన ఆమె రెండుసార్లు ఏందో అనబోయింది. నేను వినలేదు. అంతలోకే జమ్మలమడుగు వచ్చేసింది.

బస్సు దిగినాంక గుర్తొచ్చింది. అయ్యో! దోవ గురించి ఒక్క ముక్క చెప్పలేదే! సరేలే, కోర్టు కాడ అయిదు నిమిషాలు దొరుకుతాది కదా అనుకున్నా. యాడ దొరికేది? మేం గేటులో కాలు పెట్టేసరికి బంట్రోతు మా కేసే పిలుస్తాండాడు.

అవతల ప్లీడరు ఎవరనుకుంటిరి? పులివెందుల ఆయన. భారీ మనిషి, గొంతెత్తితే కోర్టు కిటికీలు అదురుతాయి. సాక్షులను అడ్డదిడ్డంగా ప్రశ్నలేసి, చివరాఖర్న "ఇదంతా నీకు ఎవురు చెప్పిచ్చినారు?" అని ఒక్కటి అడుగుతాడు. ఆ ప్రశ్నకు తడబడి పోయిన కేసులు ఎన్నో. జడ్జీ ఏమో గోదావరి ఆయన, కొత్తగా వచ్చినాడు. మెత్తగా మాట్లాడతాడు గానీ ఎవరో నేర్పి చెప్పించిన సాక్ష్యమంటే ఒళ్ళు మంట. పోయిన నెలలోనే ఒక కేసును ఆ ఒక్క కారణంతోనే కొట్టేసినాడు.

ఓబుళమ్మ బోనెక్కింది. నేనడిగిన నాలుగు ప్రశ్నలకూ బాగానే చెప్పింది. నలభై ఏండ్ల నుంచి బండ్లు పోతాండాయి, మలుపులో యాపచెట్టుంది, ఉగాది ముందురోజు కంప కొట్టినాడు. అమ్మయ్య అనుకోని కూచున్నా.

పులివెందుల ఆయన లేచినాడు. "ఏమ్మా, ఆడ దోవే లేదని ఊర్లో పదిమంది చెప్పేదానికి సిద్ధంగా ఉండారు. దానికేమంటావు?"

"పదిమందుంటే ఏముందప్పా? ఓట్లు ఎక్కువొచ్చినంత మాత్రాన సాలదు. పెద్దమనుషులు ఎటుంటే గెలుపు అటు."

"ఓట్లేందమ్మా?" అన్నాడాయన. జడ్జీ పెన్ను ఆగిపోయింది. నాకు ఈ మాట యాడనో విన్నట్టుంది. యాడ విన్నాను? అప్పుడు తెలిసింది. వినలేదు, అన్నది నేనే!

ఆయన గొంతు పెంచినాడు. ఈమె తగ్గలేదు, ఆయప్ప ముఖంలోకి రెప్ప కొట్టకుండా చూస్తా, శానా నిదానంగా జవాబులు చెప్తాంది. ఆ పొద్దున ఉక్క, పైన నల్లకోటు. ఆయన నుదురంతా చెమట. గుడ్డతో తుడుచుకున్నాడు. అది చూసి ఓబుళమ్మ జాలిగా అనింది, "నీకు చెమట పోస్తాంది గదప్పా. చెమట పోసినోడు ఓడిపోతాడు."

కోర్టంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. పిల్లి మాదిరి మెల్లగా బోను కాడికి వచ్చినాడు.

"అట్లనా! ఈ మాట నీకు ఎవురు చెప్పినారమ్మా?"

చెప్పొద్దు తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా, చెప్పొద్దు! ఇదంతా నా మనసులోనే. పైకి లేస్తే సాక్షికి సైగ చేసినానంటారు.

"మా ప్లీడరే" అని ఓబుళమ్మ వేలెత్తి నన్ను చూపించింది. "పొద్దున బస్సులో చెప్పినాడు. ప్రొద్దుటూరు కాన్నుంచి ఈడిదాంకా నోరు మూయకుండా చెప్తానే ఉండాడు."

అయిపాయ! కేసు పాయ, వామి పాయ, నా పేరు పాయ. జమ్మలమడుగులో ఇంక నల్లకోటేసుకోని ఏ ముఖం పెట్టుకోని తిరగాల? వెంకటసుబ్బయ్య మీసం దువ్వుకుంటాండాడు. పులివెందుల ఆయన జడ్జీ వైపు తిరిగినాడు. "యువర్ ఆనర్, సాక్షికి దారి పొడుగునా నేర్పినారు! ఆయన ఏమేం నేర్పినాడో ప్రతి మాటా చెప్పించి రికార్డు చేయాలని నా మనవి!"

జడ్జీ నా వైపు చూసినాడు. ఆ చూపుకు నేను బల్ల మీదున్న కాగితాలు సర్దుకున్నా. సర్దేదానికి ఏమీ లేకపోయినా సర్దుకున్నా.

"చెప్పమ్మా, మీ ప్లీడరు గారు బస్సులో ఏమేం చెప్పారు? ఒక్కటీ దాచకూడదు" అన్నాడు.

ఓబుళమ్మ కొంగు సర్దుకోని ఎత్తుకునింది. "అమెరికా అని ఒక దేశముండాదంట సామీ. ఆడ ఇద్దరు నిలబడినారంట. ఒకడు కుర్రోడు, ఒకడు పెద్దోడు..." టెలివిజను వచ్చింది. రాష్ట్రాలొచ్చినాయి, తంతి వచ్చింది. ఒక్క ముక్క మర్చిపోలేదే! నా జూనియర్లకు కూడా అంత జ్ఞాపకశక్తి లేదు. జడ్జీ గబగబా రాసుకుంటాండాడు. పులివెందుల ఆయన గుడ్డతో మళ్ళా నుదురు తుడుచుకున్నాడు. ఇంక లాభంలేదని "యువర్ ఆనర్, ఇదంతా రికార్డులోకి అక్కర్లేదేమో" అన్నాడు.

"ప్రతి మాటా అన్నది మీరే కదండీ" అన్నాడు జడ్జీ, తలెత్తకుండా. రాయడం అయినాంక అడిగినాడు, "సరేనమ్మా. మరి దారి గురించి ఆయనేం చెప్పారు?"

"ఏం చెప్పల్యా సామీ. 'నాయనా, మన దోవ సంగతి' అని రెండుతూర్లు అడిగినా. 'ఉండమ్మా, ఇది శానా ముఖ్యం' అని నన్నే గదిరి నోరు మూయించినాడు."

ఈసారి బంట్రోతు కూడా నవ్వినాడు. నేను నేలకేసి చూస్తాండా.

"మరి ఆ నలభై ఏళ్ళు, ఆ వేపచెట్టు... అవి నీకు ఎవరు చెప్పారు?"

ఓబుళమ్మకు కోపమొచ్చింది. "నాకు ఎవురు చెప్పాల సామీ? కాపురానికి ఆ దోవనే బండిలో వచ్చినా. మా ఆయన పోతే ఆ దోవనే తీసుకపోయినారు. నడిచిన దోవ నాకు ఇంకొకరు చెప్పాల్నా?"

కోర్టులో ఒక్క నవ్వు లేదు. పులివెందుల ఆయన కూచున్నాడు. నాకు నిజంగా కండ్లల్లో నీళ్ళు తిరిగినాయప్పా. ఇంత మాట కడుపులో పెట్టుకున్న మనిషిని పక్కన కూచోబెట్టుకోని, ఒక గంటసేపు నేను యాడో అమెరికాలో తిరుగుతాంటిని.

మధ్యాహ్నం జడ్జీ తన గదిలోకి రమ్మని కబురు పంపినాడు. చీవాట్లే అనుకుంటా చేతులు కట్టుకోని పోయినా. ఆయన తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇంతకీ లెక్కింపు ఎంతవరకు వచ్చిందండీ?" అన్నాడు. ఇంకా తేలలేదు సర్, అన్నా. "అబ్బా!" అన్నాడు. అంతే, పంపించేసినాడు.

తీర్పు సోమవారం. ఆ నాలుగు రోజులూ మబ్బు మా ఇంటి మీదనే ఉన్నట్టుండె. నిద్ర లేచేది, ఆకాశం చూసేది. అమెరికాలో ఆ కుర్రోడు గెలిచినాడని రేడియో చెప్తే కూడా, అవునా అని ఊరుకున్నా. మా ఇంటామె వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జొరమేమో అని.

సోమవారం జడ్జీ ఇంగ్లీషులో చదివినాడు. తెలుగులో చెప్తా వినండి. "వాది తరఫు ప్లీడరు ఈ సాక్షికి కేసు గురించి ఏమీ చెప్పలేదని, అమెరికా ఎన్నికల గురించి మాత్రమే చెప్పారని ప్రతివాది తరఫు ప్లీడరే రుజువు చేసినారు. కనుక ఈమె సాక్ష్యం ఎవరూ నేర్పినది కాదు, పూర్తిగా నమ్మదగినది." పన్నెండేండ్ల ప్రాక్టీసులో ఒక తీర్పులో నన్ను గురించి రాసిన మంచిమాట ఇదొక్కటే. నేను ఏమీ చేయలేదని!

ఆ సాయంత్రమే కంప తీయించినారు. రాత్రికంతా ఆరు బండ్ల శనక్కాయ ఓబుళమ్మ ఇల్లు చేరింది. మంగళవారం వాన దంచి కొట్టింది. వెంకటసుబ్బయ్య కడపలో అప్పీలు వేస్తానంటాండాడు, ఆడ ఓడితే హైదరాబాదు పోతాడంట. తంతి మాత్రం కొట్టలేదు.

అయినా నా బాధ అది కాదప్పా. ఈ పొద్దున చాపాడు నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు, గట్టు తగాదా. నాకు బుద్ధొచ్చింది కదా, కాగితం పెన్ను తీసుకోని "చెప్పు మామా, గట్టు యాడుంది, హద్దులేంది, మొదటి నుంచి చెప్పు" అన్నా. ఆయన చెప్పులిడిచి, బాసింపట్టు వేసుకోని కుదురుగా కూచున్నాడు.

"గట్టు సంగతి నాకు తెల్సులే సామీ. నువ్వు ఆ అమెరికాది చెప్పు."