చీము పడుతుందని పప్పు మానిపించారు

శనక్కాయ కట్టె, అంటే పీకి ఎండబెట్టిన వేరుశనగ చెట్లు, దించుతూ ట్రాలీ మీద నుంచి మా ఆయన జారిపడి తల నేలకు కొట్టుకున్న రోజు ఎవరం భయపడలేదు. లేచి, లుంగీ దులుపుకుని, నీళ్లు తాగి మళ్లీ పనిలోకి దిగాడు. పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి, "కట్టె దించినారా?" అని నన్ను అడిగాడు. దించింది తనే. ఆ మాటే చెప్పాను. కాసేపటికి మళ్లీ అదే అడిగి, వాంతి చేసుకున్నాడు. అప్పుడు కేకేసి ఇరుగుపొరుగును పిలిచాను.

మా ఊరు యాడికి నుంచి అనంతపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. సీటీ స్కాన్‌లో తల లోపల రక్తం గడ్డకట్టిందని తేలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. బతికాడు గానీ మాట తడబడేది, కన్నకూతురి పేరు గుర్తొచ్చేది కాదు. మునుపటి మనిషి తిరిగొస్తాడా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేదు. మాటిమాటికీ రక్తం తీసి సీఆర్పీ అనే పరీక్ష చేసేవారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే అది పెరుగుతుందట. ఆ మాట మా బంధువుల నోట్లో పడింది, ఇక చూడండి. పలకరించడానికొచ్చిన ప్రతివాళ్లూ మనిషి సంగతి వదిలేసి సీఆర్పీ ఎంతని అడగడమే.

ఇంటికొచ్చాక వంటిల్లు మా అత్త చేతిలోకి పోయింది. మా వైపు కుట్లు పడిన మనిషికి పప్పు, శనక్కాయలు, గుడ్డు, వంకాయ పెట్టరు. పెడితే చీము పడుతుందని నమ్మకం. సీఆర్పీ అంటే చీము ఎంతుందో చెప్పే పరీక్షేనని ఆమె తేల్చేసింది. ఇక మూడు పూటలా అన్నం, మిరియాల చారు. ప్రోటీన్ బాగా పెట్టమని డిశ్చార్జ్ రోజు డాక్టరు చెప్పాడని నేను మొత్తుకున్నాను.

"ఆయప్పకేం, కోసినాడు, పంపించినాడు. కుట్లు మానాల్సింది ఈడ" అంది అత్త.

శనక్కాయలు పండించే ఇంట్లో మొగుడికి నాలుగు గింజలు దొంగచాటుగా పెట్టాల్సిన గతి పట్టింది నాకు. అంతకుముందు ఆసరా లేకుండా నడిచే మనిషి నీరసించి గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

అంతలో చలిజ్వరం వచ్చింది. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ రక్తం. సీఆర్పీ బాగా పెరిగింది. నేను దొంగచాటుగా పెట్టిన శనక్కాయల సంగతి బయటపడి, వాటి వల్లేనని అత్త వీధంతా చెప్పుకొచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆమె రెక్క పట్టుకుని డాక్టరు గదిలోకి తీసుకెళ్లాను.

మీ కొడుక్కి ఏం పెడుతున్నారని ఆయన అడిగితే, గర్వంగా పథ్యమంతా చెప్పింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"పెద్దమ్మా, ఇది మూత్రంలో ఇన్ఫెక్షన్. సీఆర్పీ పెరిగింది దానికే. పప్పుకూ దీనికీ సంబంధం లేదు. సరైన తిండి లేకుంటే మెదడు ఎట్ల కోలుకుంటాది?"

తిరుగు బస్సులో అత్త నా పక్కన కూర్చుని, "వాని కడుపు నేనే మాడ్చినానా?" అంది. అంత కోపంలోనూ నాకు జాలేసింది.

మందులు వాడాక సీఆర్పీ నార్మల్‌కు వచ్చింది. నయమైపోయింది కదా, ట్రాక్టర్ ఎక్కమని బంధువులు మొదలుపెట్టారు. వాళ్ల మాట విని చేనికి పోయినవాడు ఏ గట్టు మనదో తెలియక అక్కడే కూలబడ్డాడు. ఆ పరీక్ష తల బాగుపడిందని చెప్పదు, మెదడుకు నెలలు పడుతుందని డాక్టరు మళ్లీ వివరించాల్సి వచ్చింది.

ఇప్పుడు కూతుర్ని పేరు పెట్టి పిలుస్తాడు. పొద్దున పూట చేనికి వెళ్లొస్తాడు. చుట్టూ గోల ఎక్కువైతే మాత్రం నా మీద అరుస్తాడు. మునుపు ఇట్లా అరిచే మనిషి కాదు. దానికి నాకింకా దుఃఖమే.

మీకు చెప్పేది ఒకటే. తిండి గురించి డాక్టరు చెప్పే మాట మీరొక్కరే విని రాకండి. మీ ఇంట్లో పథ్యం ఎవరి చేతిలో ఉందో వాళ్లను కూడా ఆ గదిలో కూర్చోబెట్టండి.

మొన్న పక్కింటామె వచ్చి, కుట్లు పడిన మనిషికి పప్పు పెడుతున్నారేమని అడిగింది. అత్త కొడుకు కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"నువ్వే పోయి ఆ మాట డాక్టరు ముందర చెప్పు" అంది.