ఇమ్మేరు మేకపోతు చెవి

ఇమ్మేరు రోజూ పొద్దున్నే ప్రార్థన ముగించుకుని నేరుగా మేకపోతు దగ్గరికి వెళ్ళేవాడు. చెవులు తిప్పి చూసేవాడు, పెదవి ఎత్తి చూసేవాడు. ఎక్కడా చిన్న లోపమైనా కనబడేది కాదు. ఉసూరుమనేవాడు. వెంటనే భయపడి, "తప్పయింది ప్రభువా, నీ సొమ్ము చెడాలని కోరుకున్నాను" అని రొమ్ము కొట్టుకునేవాడు.

ఆయనది యాజక వంశం. ఊళ్ళో ఎవరి మేక తొలిచూలు పోతుపిల్లను ఈనినా ఆయన ఇంటికే రావాలి. దాని బొచ్చు కత్తిరించకూడదు, ఊరికే కూర్చోబెట్టి మేపాలి. ఆలయంలో సేవ చేసే తన వంతు వచ్చినప్పుడు బలికి యెరూషలేముకు తోలుకుపోవాలి. దానంతటది దెబ్బ తగిలించుకుని లోపం తెచ్చుకుంటేనే ఊళ్ళో కోసుకు తినొచ్చు. ఆయన భార్య షెలోమీతు మాత్రం, మనవడికి పాలు మాన్పించే పండుగనాడు వీధివీధంతటికీ మాంసం పెడతానని నోరు జారింది.

"పండుగ వచ్చే వారమే. ఏం పెడతావే?"

"దేవుడు చూసుకోడా?"

"చూసుకుంటాడు. ఇదేమో రోజురోజుకీ నిగనిగలాడుతోంది!"

నిగనిగలాడక ఏం చేస్తుంది? పక్కింటి నేరియా ఉల్లితోట సగం దాని పొట్టలోనే ఉంది. ఆ పోతును ఇచ్చింది కూడా నేరియానే.

"అన్నా, నీ పోతు నా ఉల్లికాడలు మేస్తోంది" అన్నాడతను ఒకనాడు.

"నా పోతా? దానికి ఉల్లి వాసనే పడదు!"

"దాని నోరు వాసన చూసి చెప్పు."

"యాజకుడి ఇంటి పోతు మీద నిందలా, తమ్ముడూ?"

అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అయినా నేరియా భార్య గోడమీద గిన్నెలో రొట్టెలకు పులిపిండి ముద్ద పెట్టడం మానలేదు. ఆ గిన్నెలో షెలోమీతు అంజూరపు పళ్ళు వేసి పంపడమూ మానలేదు.

ఒక సాయంత్రం పోతు తల వంచుకుని ఇంటికొచ్చింది. కుడి చెవికి నూనె తడిపిన పేలిక కట్టి ఉంది. విప్పితే చెవి అంచు చీలి ఉంది. ఇమ్మేరుకు జాలీ సంతోషమూ ఒక్కసారే పుట్టుకొచ్చాయి. లోపాలు చూసి తేల్చే ఊరి పెద్దయ్య దగ్గరికి దాన్ని లాక్కుపోయాడు.

"చీలింది నిజమే. ఎట్లా చీలింది?" అన్నాడు పెద్దయ్య.

"నేను ముట్టుకోలేదు పెద్దయ్యా!"

"ఈ ఒక్క విషయంలో యాజకుడి మాట చెల్లదు నాయనా. తినేది నువ్వేగా! చూసినవాణ్ణి తీసుకురా."

చూసినవాడెవడో ఆ పేలికే చెబుతోంది. దాని మీద దానిమ్మరంగు చారలు; అలాంటి చారల దుప్పటి ఊరంతటికీ ఒక్కటే, అది నేరియాది. మాటల్లేకపోయినా, దుప్పటి అంచు చింపి కట్టు కట్టి మరీ పంపాడు.

ఇమ్మేరు వెళ్ళి తోట దగ్గర నిలబడ్డాడు. కంచె ముల్లుకు నల్లటి బొచ్చు ఇంకా వేలాడుతోంది.

"తమ్ముడూ, పోతు చెవి..."

"కంచె దూకబోయి చీరుకుంది. నీది కాదులే అన్నా! అది ఉల్లి తినే పోతు."

ఇమ్మేరు చేతిలోని పేలికను మడతపెట్టి అతనికిచ్చాడు.

"నాదే తమ్ముడూ. నీ ఉల్లి తిన్నదీ అదే. పెద్దయ్య దగ్గరికొచ్చి చూసింది చూసినట్టు చెప్పు, పుణ్యముంటుంది. ఉల్లికాడల మాట మాత్రం కాస్త మెల్లగా చెప్పు. ఆయనకు చెవుడేమీ లేదు."