టీతో పాటు ఇచ్చిన బిళ్ళ

ఇస్త్రీ మాస్టారికి నలిగిన బట్ట కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. బస్సులో ముందు సీటు మనిషి కాలరు సర్దబోయి తిట్లు తిన్న ఘనుడాయన. ఏళ్ళ తరబడి లాండ్రీలో బల్ల ముందు నిలబడే పని కదా, మోకాళ్ళు అరిగిపోయాయి. రోజూ పొద్దున్నే టీతో పాటు భార్య ఒక నొప్పి బిళ్ళ చేతిలో పెట్టేది. ఆ లాండ్రీ వాళ్ళందరి ఇళ్ళలోనూ అదే వాడుక. దాన్నెవరూ మందుల్లో జమకట్టేవారు కాదు.

ఆ ఏడు ఆయనకు బీపీ పెరిగింది. డాక్టరమ్మ ఒకే బిళ్ళలో రెండు మందులు కలిసినది రాసింది. ఒకటి బీపీ తగ్గించేది, రెండోది ఒంట్లో ఎక్కువైన నీటిని బయటికి పంపేది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

మాస్టారు నోరు విప్పేలోపే భార్య అందుకుంది. "అబ్బే, ఏం లేవండీ. గుండ్రాయిలా ఉంటారు."

పాపం, దాచాలని కాదు. నిజంగానే ఆమెకు తట్టలేదు. ఇక రెండు బిళ్ళలూ కలిపి ఇవ్వసాగింది. ఎంత శ్రద్ధ అనుకున్నారు! ఒక్క పూట తప్పనిస్తేగా. ఎండలు ముదిరాయి. ఇస్త్రీ గదిలో ఆవిరికి ఆయన చెమటతో తడిసి ముద్దయ్యేవారు. నొప్పి ఎక్కువైందంటే సాయంత్రం కూడా ఒక బిళ్ళ ఇచ్చింది. కాళ్ళు వాచాయి, అన్నం సయించలేదు, ఒంటేలు తగ్గిపోయింది. వడదెబ్బ అనుకున్నారు.

ఆస్పత్రికి చేరేసరికి కిడ్నీలు చేతులెత్తేశాయి. గుచ్చి గుచ్చి అడిగితే నొప్పి బిళ్ళల సంగతి బయటపడింది.

"బీపీ బిళ్ళలోని రెండు మందులకీ ఇది తోడైతే కిడ్నీలు దెబ్బతింటాయమ్మా. పైగా చెమటకి ఒంట్లో నీళ్ళు లేవు. ఎవరిచ్చారివి?" అంది డాక్టరమ్మ.

భార్య తన చేతుల వంక చూసుకుంది. తన చేత్తోనే, రోజూ. అంతకన్నా నరకం ఏముంటుంది?

మంచం మీంచి మాస్టారు చెయ్యెత్తారు. "దానికేం తెలీదండీ. నేనే చాటుగా కొనుక్కుని మింగాను."

డయాలసిస్ చేశారు. అయినా ఆయన దక్కలేదు.

పలకరించడానికి లాండ్రీ వాళ్ళంతా వచ్చారు. ఆమె ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఏడ్చింది. "నేనే ఇచ్చానమ్మా, నా చేత్తోనే. మీరైనా ఆ బిళ్ళ సంగతి డాక్టరుకి చెప్పండమ్మా."

వాళ్ళు ఆమె కళ్ళు తుడిచారు.

"ఊరుకో అక్కా. అన్నయ్యే చాటుగా మింగాడటగా. మేమేమీ అలా ఇష్టమొచ్చినట్టు వాడం. పొద్దున ఒక్కటి, అంతే."