వేడినీళ్ళతో లేచిన ఇంజను

1943, వానాకాలం. అప్పుడు నేను హిమాయత్ సాగర్ మీద లాంచి నడిపేవాణ్ణి. మాది మొయినాబాద్ పక్కన సురంగల్. ఊళ్ళో అందరూ నాగలి పట్టుకుంటే నేనొక్కణ్ణే చుక్కాని పట్టుకున్నాను. "చేన్ల నీళ్ళు లేక మేం సస్తుంటె నువ్వు నీళ్ళ మీద మోటరు నడుపుతున్నవా?" అని మా మేనమామ కనిపించినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. ఆయన్ను ఒకసారి లాంచి ఎక్కిస్తే ఒడ్డు చేరేదాకా కళ్ళు తెరవలేదు.

నాది తనిఖీ లాంచి. కట్ట చూసేవాళ్ళను, గేట్ల దగ్గర పనిచేసేవాళ్ళను అటూ ఇటూ చేరవేయడం నా పని. చిన్న పడవ, ఒకే సిలిండరున్న క్రూడాయిల్ ఇంజను. చూడ్డానికి ముసలి ఎద్దులా ఉండేది, నడక కూడా అంతే. కాని మొండిది. ఏది పోసినా తాగేది, ఆగమన్నా ఓ పట్టాన ఆగేది కాదు.

సాగర్ మీద షికారు లాంచీలు వేరే ఉండేవి. పట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి గొప్ప ఇళ్ళవాళ్ళు వచ్చి కిరాయికి తీసుకునేవారు. అందులో ఒకదాన్ని యాదగిరి నడిపేవాడు. తెల్లరంగు, మెత్తటి సీట్లు, నాలుగు సిలిండర్ల ఇంజను. యుద్ధం రోజులు కాబట్టి పెట్రోలుకు కటకట. అందుకని ఆ ఇంజన్లను పెట్రోలుతో స్టార్టు చేసి, బాగా వేడెక్కాక కాక్ తిప్పి కిరసనాయిలు మీదికి మార్చేవారు. కాక్ అంటే గొట్టంలో దారిని తెరిచి మూసే చిన్న మర. కిరసనాయిలుతో ఒక చిక్కు ఉంది. వేడి ఇంజనులోనే అది ఆవిరై మండుతుంది. చల్లబడిన ఇంజనులో పోస్తే ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు. అందుకే ఇంజను ఆపేముందు కాసేపు మళ్ళీ పెట్రోలు మీద నడిపి ఆపాలి. మాకది తిన్న తర్వాత చెయ్యి కడుక్కోవడం లాంటి అలవాటు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. నీళ్ళ మధ్య ఏ పడవైనా తెడ్డుకు గుడ్డ కట్టి ఎత్తితే, చూసినవాడు తన పని మానుకుని వెళ్ళాలి. ఆ పడవ ఎవరిది, వాడికీ నీకూ మాటలున్నాయా లేవా అని చూడకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు. నేను చేరేసరికే ఉంది.

ఆ రోజు మా దగ్గర చినుకు కూడా పడలేదు. ఎండ కాస్తోంది. కాని చేవెళ్ల అవతల ముందురోజంతా దంచికొట్టిందట. మధ్యాహ్నానికి ఈసీ వాగు పొంగి, సాగర్‌లో నీళ్ళు ఎర్రమన్ను రంగుకు తిరిగాయి. గేట్లు ఎత్తక తప్పలేదు. గేట్లు ఎత్తిన రోజున ఆ చప్పుడు చెవులకన్నా ముందు పాదాలకు తెలుస్తుంది. పడవ అడుగు చెక్క సన్నగా వణుకుతుంది. ఎన్నేళ్ళు పనిచేసినా ఆ చప్పుడుకు నేను అలవాటు పడలేదు. అంత నీరు ఒకే దారి పట్టి పోతుంటే చూస్తూ నిలబడిపోయేవాణ్ణి.

గేటు మనుషుల్ని కట్ట మీద దింపి వెనక్కి వస్తుంటే దూరంగా తెడ్డు మీద గుడ్డ కనిపించింది. యాదగిరి లాంచి. ఇంజను చప్పుడు లేదు. పడవ అడ్డం తిరిగి మెల్లగా గేట్ల వైపు జరుగుతోంది.

దగ్గరికి వెళ్ళేసరికి యాదగిరి ముందు భాగంలో కూర్చుని కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?" అన్నాను.

"చెయ్యి ఇరిగింది దానయ్యన్నా. హ్యాండిలు ఎదురు తన్నింది" అన్నాడు.

జరిగింది ఇది. నీళ్ళు పీల్చే గొట్టానికి నాచు అడ్డం పడి ఇంజను కాలిపోయేలా వేడెక్కింది. భయపడి కిరసనాయిలు మీద ఉండగానే టక్కున ఆపేశాడు. నాచు తీసేసరికి ఇంజను చల్లారింది. డబ్బాలో పెట్రోలు చూస్తే అడుగంటింది. వట్టి కిరసనాయిలుతోనే లేపుదామని కంగారులో స్టార్టు చేసే హ్యాండిలును తిప్పీ తిప్పీ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లంగరు వేస్తే నిండిన సాగర్‌లో తాడు అడుగుకు అందలేదు.

నా పడవను వాడి పడవకు పక్కకు పక్క కట్టేసి నా ఇంజన్ను పూర్తి జోరుకు పెంచాను. మా పనిలో కదులుతున్నామో లేదో తెలుసుకోవడానికి ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకుంటాం. నేను కట్ట మీది బురుజును, దాని వెనక గుట్టను చూశాను. బురుజు గుట్టను కొద్దికొద్దిగా కప్పేస్తోంది. అంటే నా ముసలి ఎద్దు ప్రాణం పెట్టి గుంజుతున్నా మేం ఇంకా గేట్ల వైపే పోతున్నాం. జరగడం నెమ్మదించింది, అంతే.

లాంచి మధ్య భాగం చుట్టూ మందపాటి పర్దాలు కట్టి ఉన్నాయి. చేవెళ్ల దిక్కు ఒక దొర ఇంటి ఆడవాళ్ళు షికారుకొచ్చారు. ఆ ఇళ్ళలో ఘోషా. బయటి మగవాడి కంట పడరు. దొర, ఆయన మనుషులు ఒడ్డునే ఉండిపోయారు. ఇంజనేమో ఆ పర్దాల లోపలే ఉంది. యాదగిరి దాని దగ్గరున్నంతసేపూ వాళ్ళు ముసుగు కప్పుకుని అటు తిరిగి కూర్చున్నారట. లోపల పిల్లలు ఏడుస్తున్నారు.

"బయట ఎవరు?" అని లోపలి నుంచి ఒక గొంతు వచ్చింది. వణుకు లేదు.

"లాంచి డ్రైవర్ని దొరసానమ్మా. సురంగలోణ్ణి."

"మమ్మల్ని నీ పడవలకు ఎక్కించుకుంటవా?"

"చిన్న పడవమ్మా. నలుగురు ఎక్కితే అంచు దాక నీళ్ళొస్తయి. పిల్లల్ని ఇయ్యుండ్రి."

"లోపల పది మందికి పైన ఉన్నం. మిగిలినోళ్ళ సంగతేంది?"

నేను నా పడవ అంచు వైపు, గేట్ల వైపు చూశాను.

"అయితె ఈ ఇంజనే లేవాలె. ఏం జేయాలో చెప్పు" అంది.

నేను నా పడవ వదిలి వెళ్ళలేను. ఒక చెయ్యి చుక్కాని మీద, ఒక కన్ను ఇంజను మీద ఉండాలి. నా ఇంజను ఆగితే రెండు పడవలూ పోతాయి. యాదగిరి లేవబోయి, నొప్పికి కళ్ళు తిరిగి మళ్ళీ కూలబడ్డాడు. నా పడవలో పెట్రోలు చుక్క లేదు. ఉన్నదల్లా వేడి. ఇంజన్ను చల్లబరచడానికి సాగర్ నీళ్ళే దాని చుట్టూ తిరిగి వేడెక్కి, గొట్టం గుండా బయట పడుతుంటాయి. ఆ వేడినీళ్ళు చల్లారిన ఇంజనులో పోస్తే? నేనెప్పుడూ చేయలేదు. ఎవరైనా చేయగా చూడలేదు. కాని ఇంజనుకు కావలసింది వేడే కదా, అది ఎక్కడి నుంచి వస్తే దానికేం అనుకున్నాను.

చల్లటి నీళ్ళు లోపలికి వచ్చే కాక్‌ను సగం మూశాను. గొట్టం నుంచి పడే నీళ్ళు పొగలు కక్కాయి. ఇంకాస్త మూస్తే నా ఇంజనే పట్టేస్తుంది. ఆ నీళ్ళ కింద బకెట్ పట్టాను.

"దొరసానమ్మా, ఇంజను మీద పెద్ద ఇత్తడి మూత ఉన్నది. అది ఇప్పుండ్రి. కింద చిన్న కాక్ ఉన్నది, అది తెరిస్తె చల్లనీళ్ళు కారిపోతయి. తర్వాత కాక్ మూసి, ఈ నీళ్ళు పైకెల్లి పోయాలె. ఒక గుడ్డ ఈ నీళ్ళల్ల ముంచి, ఇంజను పక్కనున్న వంకర గొట్టానికి చుట్టాలె. దొడ్డు గుడ్డ గావాలె."

లోపల ఏదో చర్రున చిరిగిన చప్పుడైంది. చూస్తే నా వైపు ఉన్న పర్దా లేదు. ఆవిడ దాన్ని గుంజి రెండు ముక్కలు చేసింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, పొడగరి, ముక్కుకు పెద్ద పుడక. నేను గబుక్కున తల దించుకున్నాను. ఆ దొర ముందు చెప్పులు వేసుకుని నడవడానికి కూడా జనం భయపడేవారు.

"తల దించుకుంటె పని ఎట్లైతది? ఇటు చూసి చెప్పు" అంది.

తలెత్తాను. పనిమనిషి లచ్చవ్వ బకెట్లు అందుకుంటుంటే ఆవిడే స్వయంగా పోసింది. పర్దా ముక్క ముంచి గొట్టానికి చుట్టింది. వేడికి చేతులు కాలినట్టున్నాయి, ఒక్కసారి ఊదుకుని మళ్ళీ పట్టుకుంది. ఇన్ని బకెట్లని నేను లెక్క చూసుకోలేదు, నా కళ్ళు బురుజు మీదే ఉన్నాయి. గుట్ట కనబడడం తగ్గిపోతోంది. గేట్ల మీది మనుషుల తలపాగాలు విడివిడిగా కనిపిస్తున్నాయి. వాళ్ళు చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు, నీటి హోరులో ఒక్క మాటా వినబడలేదు. ఆ గేట్లను చేతులతో తిప్పి దించాలి, దానికి చాలా సేపు పడుతుంది.

"ఇంజను మీద చెయ్యి పెట్టుండ్రి. ఎట్లున్నది?"

"జొరమొచ్చిన పిల్లగాని ఒళ్ళు లెక్క ఉన్నది."

"ఇగ సాలు. నా మాట జర జాగ్రత్తగ వినుండ్రి. ఆ నల్ల లివరు మొత్తం ఎనకకు గుంజుండ్రి. అది ఎనకకు లేకనే యాదగిరి చెయ్యి ఇరిగింది. హ్యాండిలు పట్టుకునేటప్పుడు బొటనవేలు చుట్టొద్దు. మిగిలిన వేళ్ళ పక్కనే పెట్టాలె. కిందికెల్లి పైకి గుంజాలె. పైకెల్లి కిందికి ఒత్తొద్దు."

ఆవిడ బంగారు గాజులు తీసి లచ్చవ్వ చేతిలో పెట్టింది. కొంగు నడుముకు బిగించింది. హ్యాండిల్ పట్టుకుని గుంజింది. ఇంజను తిరిగింది, మండలేదు. మళ్ళీ గుంజింది. తుమ్మినట్టు ఒక్క చప్పుడు. లచ్చవ్వ "నేను పడతనమ్మా" అని ముందుకొస్తే మోచేత్తో పక్కకు నెట్టింది.

"ఇంకోపారి" అన్నాను. గుంజింది. రెండు తుమ్ములు, ఆగింది. అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. గొంతు చించుకుని అరిచాను.

"తిప్పవే! ఇడువకు! తిప్పు!"

'తిప్పవే' అన్నది ఎవరినో నాకు తర్వాతగాని తట్టలేదు. ఆవిడ పళ్ళు బిగబట్టి, కాళ్ళు ఎడం చేసి, నడుములో ఉన్న బలమంతా పెట్టి గుంజింది. దబ్బున తెల్లటి పొగ లేచింది. ఒక సిలిండరు, తర్వాత రెండు, తర్వాత నాలుగూ కలిసి మోగాయి. అంత తియ్యటి మోత నేను జన్మలో వినలేదు. యాదగిరి కూలబడ్డ చోటే బావురుమన్నాడు. వాణ్ణి తిట్టబోయి నేనూ ఏడ్చాను.

రెండు ఇంజన్లూ కలిసి గుంజితే పడవలు ఆగాయి, తర్వాత ముందుకు కదిలాయి. బురుజు వెనక నుంచి గుట్ట మెల్లగా బయటికి వచ్చింది. చుక్కాని పట్టుకుని చూస్తూ ఉన్నాను. అంత పెద్ద నీటికి ఎదురు నిలిచింది ఆ పొగ కక్కే ఇనుము, కొన్ని బకెట్ల వేడి, ఒక మనిషి రెండు చేతులు. నాకు దేవుడి సన్నిధిలో నిలబడినట్టే అనిపించింది. మా ఇంట్లో అందరం ప్రార్థన చేసేవాళ్ళమే, కాని ఆ రోజు చేసినంత మనసుపెట్టి ఎన్నడూ చేయలేదు.

మొయినాబాద్ వైపు రేవులో దొర మనుషులతో పరుగెత్తుకొచ్చి ఉన్నాడు. ముందు పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడాడు. ఆ తర్వాత చింపిన పర్దా కంటపడింది. ఆయన ముఖం మారింది.

"పర్ద ఎవడు చింపిండు? ఇంజను ఎవడు లేపిండు?"

ఆవిడను ఎందుకు ఇరికించాలని నేను ముందుకొచ్చాను.

"యాదగిరే లేపిండు దొరా" అన్నాను.

దొర యాదగిరి చెయ్యి వైపు చూశాడు. వాపుతో అది సొరకాయలా ఉంది. ఇంతకన్నా నమ్మలేని అబద్ధం నేను ఇంకొకటి ఆడలేనేమో.

దొరసాని ముఖం మీద కొంగు లేకుండానే లాంచి అంచు దాటి దిగింది. ఆయన మనుషులు, రేవు పనివాళ్ళు, మేము, అందరం ఉన్నాం. రెండు అరచేతులూ ముందుకు చాపింది. బొబ్బలు పగిలి ఎర్రగా ఉన్నాయి.

"పర్ద నేనే చింపిన. ఇంజను నేనే తిప్పిన" అంది. నా వైపు చెయ్యి చూపింది. "ఈ పిల్లగాన్ని ఏమన్న అన్నవో, నేను ఊరుకోను."

దొర ఆ చేతుల వైపు చాలాసేపు చూశాడు. దారి వదిలి పక్కకు జరిగాడు. ఆవిడ ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి లాంచి మీదే బతికాను. ఎన్నో ఇంజన్లను లేపాను. అంతకు ముందు ఆగిపోయిన పడవ దగ్గరికి వెళితే, నా చేతులతో ఏం చేయగలను అనే చూసుకునేవాణ్ణి. లోపల ఉన్నవాళ్ళు నా లెక్కలో కాపాడవలసిన బరువు మాత్రమే. ఆ రోజు తర్వాత ఆ లెక్క తప్పని తెలిసింది. ఇంజను ఆగిన ఏ లాంచి దగ్గరికి వెళ్ళినా పానా తీయకముందే లోపలికి తొంగి చూసి మొదట ఈ మాటే అనేవాణ్ణి:

"లోపల ఎవరెవరున్నరు? ఆడోళ్ళు గూడ బయటికి రండ్రి. పనున్నది."