ఎదురు దుకాణం మెట్లెక్కిన మా సేటు

భూపాలపల్లిలో నేను పనిచేసే ట్రాక్టర్ల సర్వీసు సెంటర్ వెనక సందులో ఒక మోటార్ల రిపేరు దుకాణం ఉంది. కొత్తగా చుట్టిన తీగకు వార్నీష్ పోసి వాళ్లు మధ్యాహ్నం ఆరబెడతారు. ఘాటుగా, కాస్త తియ్యగా ఉండే ఆ వాసన కిటికీలోంచి రాగానే పక్క సీటు అమ్మాయి ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం మానుకోట గుర్తొస్తుంది. మహబూబాబాద్‌ను మావైపు అందరూ అలాగే పిలుస్తారు. మానుకోటంటే నాకు చంద్రమౌళి సేటే.

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. బావి మోటార్లు అమ్మడం, కాలిపోయిన వాటికి తీగ చుట్టించి ఇవ్వడం ఆ దుకాణం పని. కౌంటర్ నాది. నేను పుట్టుకతోనే తొందర మనిషిని. "ఏం కావాలె?" అని అడిగి ఒక్కొక్కరినీ చకచకా పంపేస్తుంటే, సేటు గల్లాపెట్టె దగ్గరినుంచి లేచి వచ్చి రైతు పక్కన బల్లమీద కూర్చునేవారు. ఏ ఊరు, తిన్నావా, బస్సు దొరికిందా... వాళ్ల ముచ్చట సాగేది. అక్కడ వరుస రోడ్డుదాకా పెరిగేది, ఇక్కడ నా బీపీ పెరిగేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"సేటు, అందరితోని గిట్ల ముచ్చట వెడితే పొద్దుగూకుతది."

ఆయన నవ్వారు. "మోటరు కాలినోన్ని ఇంట్ల అందరు తిడ్తరు బిడ్డా. ఈడనన్న జరసేపు కూసోనీ."

మాతోనూ అంతే. మధ్యాహ్నం షట్టరు సగం దించి అందరం కలిసే తినాలి, అది ఆ దుకాణం పద్ధతి. ఆ సమయానికి వచ్చిన రైతు ఉంటే ఆయనకూ ఒక పళ్లెం. మా మెకానిక్ యాకయ్య నోట్లో నాలుక లేని మనిషి, నెలల తరబడి పనిచేసినా నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉండడు. సేటు మాత్రం ఆయన డబ్బా మూత తీయగానే పట్టేసేవారు. "కూర లేకుండ ఉత్త తొక్కే తెచ్చినవేంది? ఇంట్ల ఎవలికి బాగలేదు?" యాకయ్య నెమ్మదిగా సంగతి చెప్పేవాడు. ఈలోగా సేటు తన కూర సగం ఆయన పళ్లెంలో వేసేసేవారు.

ఒక యాసంగి పంటకాలంలో బయ్యారం దగ్గరి తండా నుంచి కమ్లీ అనే ఆమె కాలిన మోటారును ఆటోలో వేసుకుని వచ్చింది. వరి పొట్టకొచ్చింది, మడి అప్పటికే నెర్రెలు పట్టిందట. సాయంత్రానికల్లా ఇస్తానని సేటు మాటిచ్చారు. యాకయ్య పాత తీగంతా పీకేసిన తర్వాత ఆయనకు ఫోనొచ్చింది. మాట్లాడి, జేబులో పెట్టుకుని, మళ్లీ పనిలో పడ్డాడు. నాకేమీ తేడా కనిపించలేదు. సేటు వెళ్లి ఆయన పక్కన గొంతుక్కూర్చున్నారు.

"ఏమైంది యాకయ్యా?"

"ఏం లేదు సేటు. జనగామల బిడ్డెకు నొప్పులస్తున్నయట, దవాఖానకు తోల్కపోయిండ్రు. గిది అయినంక పోత."

"లెవ్వు. రైలుకు ఇంక టైమున్నది, పో."

యాకయ్య వెళ్లిపోయాడు. బల్లమీదున్న కమ్లీ లేచి నిలబడింది.

"ఆయన పోవాలె, నిజమే సేటూ. మరి నా పొలం? దానిమీదనే పిల్లలను సాదుకుంటున్న. ఇయ్యాల నీళ్లు పారకపోతే వరి మీద ఆశ ఇడిసిపెట్టుడే."

అప్పటికప్పుడు తీగ చుట్టగలిగినవాడు ఎదురు దుకాణంలోనే ఉన్నాడు, రాజేశం. ఒకప్పుడు సేటు దగ్గర పనిచేసినవాడే. మాటా మాటా పెరిగి వెళ్లిపోయి, సరిగ్గా ఎదురుగానే దుకాణం తెరిచాడు. అప్పటినుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. మా దగ్గర ఆ పేరెత్తితేనే సేటు లేచి బయటికి వెళ్లిపోయేవారు.

ఆయన కాసేపు రోడ్డువైపు చూశారు. తర్వాత మోటారును తోపుడుబండి మీద పెట్టుకుని, కమ్లీని వెంటబెట్టుకుని రోడ్డు దాటారు. నేను ఆదరాబాదరాగా వెనకే వెళ్లాను. రాజేశం పని ఆపి చూశాడు కానీ కూర్చోమనలేదు.

"రాజేశం, ఈ అక్కకు మాటిచ్చిన. నాతోని అయితలేదు. జర టైమియ్యి."

"నువ్వే వచ్చినవా అన్నా?"

"నేనే వచ్చిన."

రాజేశం తాను చేస్తున్న మోటారును పక్కకు జరిపి చోటు చేశాడు. పని అయ్యేదాకా సేటు అక్కడే కూర్చుని తీగ అందించారు. పొద్దు వాలకముందే కమ్లీ ఆటో బయ్యారం దారి పట్టింది. జనగామ నుంచి కూడా ఫోనొచ్చింది, యాకయ్యకు మనవరాలు పుట్టింది.

తర్వాతి పంటకు కమ్లీ మోటారు మళ్లీ కాలింది. ఈసారి ఆటో నేరుగా రాజేశం దుకాణం ముందు ఆగింది. నాకు ఒళ్లు మండిపోయింది. "చూసిండ్రా సేటు? గిరాకిని చేతులార పోగొట్టుకున్నం." ఆయన నా మాట వినిపించుకోకుండా గుమ్మంలోకి వెళ్లి కేకేశారు. "అక్కా, పోయినపాలి వడ్లు మంచిగైనయా?" రోడ్డవతలి నుంచి ఆమె చెయ్యెత్తి, "మంచిగైనయ్ సేటూ!" అంది. కొత్త మోటారు అమ్మిన రోజున కూడా ఆయన ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

సేటు ఇప్పుడు లేరు. మంచాన పడ్డ రోజుల్లో మధ్యాహ్నాలు తన దుకాణం మూసి వచ్చి ఆయన పక్కన కూర్చున్నది రాజేశమే. నేను చూడ్డానికి వెళ్లిన రోజు చెంచాతో గంజి తాగిస్తున్నాడు. మూసిన తన దుకాణం ముందు ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఏమో, అతనిలో మాత్రం తొందర లేదు. బయటికొచ్చి నేను బాగా ఏడ్చాను.

నా తొందర ఇంకా పోలేదు. "రేపు రండి" అన్న మాట రోజూ నాలుక చివరిదాకా వస్తుంది. అయినా మావల్ల కాని పని పట్టుకుని ఎవరైనా వస్తే, అది అయ్యే చోటికి నేనే వెంట వెళ్తాను. మా మేనేజరు గునుస్తూనే ఉంటాడు. సేటుకున్న ఓపిక నాకు అబ్బలేదు, కుర్చీలోంచి లేవడం మాత్రం వచ్చింది.