ఇనప తలుపులకు చెదలు

పోయినవాళ్ళను పొగిడితే చాలు, చెవిలో చీమ దూరినట్టు గిలగిల్లాడిపోయేవాడు మా వైసన్ ముహివా తాత. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే. మలేరియాకైనా మందుంది కానీ దీనికి లేకపోయింది.

థ్యోలో కొండల కింద మా చర్చి బడికి గోడలు లేపిన మేస్త్రీ ఆయన. నేను ఆ బడిలోనే నాలుగో తరగతి టీచరును. బడికి సాయపడి కన్నుమూసినవాళ్ళ పేర్లు ఏటా నవంబరు మొదటి ఆదివారం చర్చిలో చదువుతాం. ఒక్కో పేరుకూ బయట వేలాడదీసిన లారీ చక్రం రిమ్ము మీద ఒక దెబ్బ కొడతారు. పాస్టరు మటొలా గారు పేరు చదివి రెండు ముక్కలు పొగుడుతారు. మూడోది నోట్లో ఉండగానే ముందు బెంచీలోంచి "జికోమో" అని వినిపిస్తుంది. మా దగ్గర ధన్యవాదాలకూ, కాస్త ఆగండి అనడానికీ ఒకటే మాట. తాత మాత్రం చర్చిలో దాన్ని ఎన్నడూ ధన్యవాదాలకు వాడిన పాపాన పోలేదు.

"కీర్తిశేషులు చికోపా గారు. మన పిల్లలకు నీడనిచ్చిన మహాదాత. బడి కప్పంతా ఆయన చలవే..."

"జికోమో, పాస్టరు గారూ. కప్పంతా కాదు. పన్నెండు రేకులు. అందులో రెండిటికి చిల్లులు."

"తాతా, పోయినాయన గురించి అలా అనొచ్చా?"

"ఆయన పోయాడు, చిల్లులు పోలేదుగా! వానొస్తే మూడో తరగతి పిల్లల్ని అడగండి."

చికోపా గారి కొడుకులు ఆ వారమే రెండు కొత్త రేకులు పంపించారు.

సొంత భార్యనైనా తాత వదల్లేదు. "ఓర్పుకు మారుపేరు ఎలుబీ గారు" అని పాస్టరు గారు అన్నారో లేదో లేచి నిలబడ్డాడు.

"జికోమో. న్సిమా ముద్ద కలిపే తెడ్డు నా మీదికి మూడుసార్లు విసిరింది. ఒక్కసారీ తప్పలేదు. ఓర్పు నాది, గురి దానిది."

చర్చంతా పగలబడి నవ్వింది. ఆయన కూర్చుని చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు.

మా పక్క డబ్బున్నవాళ్ళకు చావంటే భయం తక్కువ, చచ్చాక ముహివా అంటే భయం ఎక్కువ. మంచాన పడ్డ తేయాకు తోటల కాంట్రాక్టరు ఒకాయన తాతను పిలిపించి, "నా పేరొచ్చినప్పుడు కాస్త లేవకుండా ఉండు పెద్దాయనా" అని బతిమాలాడట. "ఊపిరుండగానే ఏదైనా చేసెయ్యి నాయనా, నాకు లేచే పని తప్పుతుంది" అన్నాడట తాత. మా బడికి చేతిపంపు అలా వచ్చింది.

ఇక బిస్విక్ సంగతి. అతను మా బడి కాపలాదారు. పద్నాలుగేళ్ళు కాపలా కాశాడు, అందులో ఏడేళ్ళు నిద్రలోనే కాశాడని తాతే అనేవాడు. ఒకనాడు పొద్దున్నే చూస్తే, పిల్లల గంజిపిండి దాచే గదికున్న ఇనప తలుపులు రెండూ మాయం. తాగుడుకు బిస్విక్కే అమ్ముకున్నాడని ఊరు తేల్చేసింది. ఆ నింద మోస్తూనే అతను జ్వరంతో పోయాడు. రెండు నవంబర్లు అతని పేరు చదవలేదు. భార్య ఎనెలెసి రెండుసార్లూ చివరి బెంచీలో కూర్చుని, ఆఖరి దెబ్బ దాకా విని, లేచి వెళ్ళిపోయింది. తోటివాళ్ళు "తలుపుల దొంగ కూతుళ్ళు" అని ఏడిపిస్తుంటే, ఇద్దరు ఆడపిల్లల్నీ బడి మాన్పించేస్తానని నా దగ్గర ఏడ్చింది.

మూడో ఏడు, అతని పేరూ చదవాలని బడి కమిటీలో నేనే నోరు విప్పాను.

"చదవడానికేముంది మేడమ్?" అన్నాడు కమిటీ పెద్ద. "ముహివా తాత లేస్తాడు. ఉన్న పరువూ పోతుంది ఆమెకు."

"చదువుతాను. దేవుడున్నాడు" అన్నారు పాస్టరు గారు.

"దేవుడున్నాడు, సరే. ముహివా కూడా ఉంటాడుగా!"

ఆ ఆదివారం పాస్టరు గారు పొగడ్త జోలికే పోలేదు. "బిస్విక్, కాపలాదారు" అని ఊరుకున్నారు. రిమ్ము మోగింది.

"జికోమో."

ఎనెలెసి తల దించేసుకుంది. తాత చొక్కా పట్టుకుని కిందికి లాగేద్దామన్నంత కోపమొచ్చింది నాకు.

"ఆ గది తలుపులు ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే విప్పించి పారేయించాను. చెదలు పట్టాయి. ముసలాణ్ణి కదా, చెప్పడం మర్చిపోయాను" అని కూర్చున్నాడు.

ఇనప తలుపులకు చెదలు! ముందుగా తేరుకున్నది కమిటీ పెద్ద.

"అవునవును, చెదలే. నేనూ చూశాను" అన్నాడు.

"ఆ ఏడు చెదలు మరీ ఎక్కువ" అంది ఇంకొకావిడ. "మా ఇంట్లో గునపానికి కూడా పట్టాయి."

చెదలు ఇనుము తినవని మా కొండల్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. ఎనెలెసికీ తెలుసు. ఆమె తలెత్తి కూర్చుంది. పిల్లలు సోమవారం బడికొచ్చారు.

ఆరాధనయ్యాక బయట తాతను పట్టుకున్నాను.

"పోయినవాళ్ళ మీద అబద్ధాలాడకూడదని ఇరవయ్యేళ్ళుగా మమ్మల్ని కాల్చుకు తిన్నావు. ఇప్పుడిదేంటి తాతా?"

"పోయినవాడి మీద నేనేమన్నానమ్మా? బిస్విక్ ఊసే ఎత్తలేదు. అబద్ధమాడింది ముహివా మీద. వాడింకా బతికే ఉన్నాడు, పడతాడులే."

తాత మొన్న జూన్‌లో పోయాడు. రేపు ఆదివారం ఆయన పేరు మొదటిసారి చదవాలి. ఏమని పొగడాలో తోచక పాస్టరు గారు నిన్న నన్నూ ఎనెలెసినీ పిలిచారు.

"జన్మలో ఒక్క అబద్ధమూ ఆడనివాడు అని చదవనా?"



"అలా చదివితే నేను లేవాల్సొస్తుంది పాస్టరు గారూ" అంది ఎనెలెసి.