ఊరంతటికీ ఒకే పాస్‌వర్డ్

తెలంగాణ కోసం కొట్లాట జోరుగా నడుస్తున్న రోజుల్లో మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో మాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. కంప్యూటర్ల దగ్గర మా ఆయన, జిరాక్స్ మిషన్ దగ్గర నేను. ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ కోసం వచ్చే పిల్లలకు పాస్‌వర్డ్ ఆయనే పెట్టేవాడు. అందరికీ ఒకటే: జై తెలంగాణ. మర్చిపోరు కదా అని.

"ఊరందరి ఇండ్లకు ఒకటే తాళంచెవి పెడ్తవా?" అని పోట్లాడేదాన్ని.

"అందరు మనోళ్లే గదనే! గా మాట పట్టుకొని మోసం జేసేటోడు ఉంటడా?" అనేవాడు. అలా అంటున్నప్పుడు ఆ ముఖం చూస్తే ఇంకేమీ అనబుద్ధయ్యేది కాదు.

ఒక బంద్ నాడు పొద్దున్నే తండా నుంచి ఒక పిల్ల నడుచుకుంటూ వచ్చింది. ఇంజనీరింగ్ సీటుకు వరంగల్ కాలేజీని మొదటి ఆప్షన్‌గా మా దగ్గరే పెట్టించుకుని పోయిన పిల్ల.

"అక్కా, ఎవరో మా బాపుకు ఫోన్ చేసిండు. హైదరాబాద్ అవతల ఏదో కాలేజీల నాకు సీటొస్తదంట, కాగితాలు తెమ్మన్నడు. నేను గా కాలేజీ పెట్టనే లేదు. అంత దూరమైతే సదువే వద్దంటుండు బాపు."

మా ఆయన అప్పుడే కండువా వేసుకుని, దుకాణాలు మూయించడానికి బయల్దేరుతున్నాడు. "ఇయ్యాల బంద్ గద బిడ్డా, రేపు రా" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపొచ్చి ఏం జేస్తది? మార్చుకునుడుకు ఇయ్యాల్నే ఆఖరు! తాళం దీస్తవా, పగలగొట్టాల్నా?"

షట్టర్ సగం లేపాడు. తెర మీద వరంగల్ కాలేజీ లేదు. పైన ఆ పిల్ల పేరు కూడా వినని కాలేజీ ఉంది. ఎవరి పనో ఎలా తెలుస్తుంది? పిల్లల్ని పట్టుకోవడానికి కాలేజీ ఏజెంట్లు రోజూ మా సెంటర్లోనే తచ్చాడేవాళ్లు. లాగిన్‌కు కావలసిన హాల్‌టికెట్ నంబర్లున్న పాడైపోయిన ప్రింట్లు బల్ల కింద పడి ఉండేవి. పాస్‌వర్డేమో ఊళ్లో ప్రతి గోడ మీదా రాసి ఉంది.

ఇంతలో బయట షట్టర్ మీద దబదబా బాదారు. "అన్నా, నువ్వే తెరిస్తే ఎట్లనే?" ఆయన వెంట తిరిగేవాళ్లే.

ఆయన వంగి బయటికి వెళ్లాడు. "జర ఆగుండ్రి తమ్మీ. ఆడివిల్ల సదువు పోతది. గిది అయినంక నన్నేమన్న అనుండ్రి" అంటున్న గొంతు లోపలికి వినిపించింది. ఆ పూట ఆయన మీద నాకు ప్రేమ పొంగింది.

పిల్ల పక్కన కూర్చుని ఆప్షన్లన్నీ మళ్లీ సరిచేయించాను. ఇక కొత్త పాస్‌వర్డ్ పెట్టాలి. లోపలికొచ్చిన మా ఆయన అలవాటు కొద్దీ కీబోర్డు మీదికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే పెట్టుకో బిడ్డా. నాకు సుత చెప్పకు" అని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

పిల్ల వేళ్లు మాత్రం కదల్లేదు. నా వైపు చూసింది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు గూడ అటు దిరుగు."

మనసు చివుక్కుమంది. అయినా తిరిగాను.